బడిపిల్లల పొద్దుటి పస్తులు

చద్దికూడు తిన్నమ్మ మొగుడి ఆకలి ఎరుగదని సామెత. కడుపు నిండినవారికి పక్కవారి ఆకలి కనిపించదని దాని తాత్పర్యం. కర్నూలు జిల్లాలోని పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలకు ఈ సామెత అక్షరాలా వర్తిస్తున్నది. ఉదయం 9 గంటలకు బడి గంట కొట్టగానే బారులు తీరి ప్రార్థనకు నిలబడే పసివారిలో ఎవరు తిని వచ్చారు, ఎవరు ఖాళీ కడుపుతో వచ్చారు అని అడిగే నాథుడు లేడు. హాజరుపట్టీలో వచ్చినవారికి ఒక గుర్తు, రానివారికి ఒక గుర్తు ఉంటాయి. తిన్నవారికి, తిననివారికి మాత్రం ఏ గుర్తూ లేదు.

బడిలో మధ్యాహ్న భోజనం పెడుతున్నారు కదా, ఇంకా పస్తుల మాట ఎక్కడిదని కొందరికి అనిపించవచ్చు. మధ్యాహ్న భోజనం వచ్చిన తరువాత పల్లెపిల్లల ఆకలి చాలావరకు తీరిన మాట నిజమే. తీరింది మధ్యాహ్నపు ఆకలి. పొద్దుటి ఆకలి అలాగే ఉన్నది. పైగా, బడిలో ఎలాగూ పెడతారులే అన్న ధీమాతో కొన్ని ఇళ్లలో ఉదయపు ముద్ద మీద పట్టింపు తగ్గింది. ఒక పూట అన్నం బడికి వచ్చి, ఇంకొక పూట అన్నం ఇంట్లో మాయమైతే పిల్లవానికి కలిగిన లాభం ఏమిటి?

గంటల లెక్క

విషయం ఎంత తీవ్రమైనదో తెలియాలంటే గడియారం చూస్తే చాలు. పల్లెలో పిల్లవాడు రాత్రి 8 గంటలకు అన్నం తిని పడుకుంటాడు. పొద్దున ఏమీ తినకుండా బడికి వెళితే, 9 గంటలకు గంట కొట్టేసరికి 13 గంటలు గడిచి ఉంటాయి. మధ్యాహ్నం 12 గంటలు దాటిన తరువాత గాని కంచం ముందుకు రాదు. అంటే 16 గంటల ఉపవాసం. ఏకాదశి నాడు పెద్దవారు చేసే ఉపవాసానికి పుణ్యమైనా ఉన్నది. ఏడేళ్ల పిల్లవాడు వారానికి ఆరు రోజులూ చేసే ఈ ఉపవాసానికి ఏ ఫలమూ లేదు, నష్టం తప్ప.

ఆ నష్టం ఎటువంటిదో వైద్యశాస్త్రం చెబుతున్నది. శరీరంలో మిగిలిన అవయవాలకంటే మెదడుకు ఆహారశక్తి ఎక్కువగా కావాలి. పెద్దవారికంటే పిల్లల మెదడుకు ఈ అవసరం మరీ ఎక్కువ. బడిలో చేరే ఈడు పిల్లలలో ఒంటికి అందే శక్తిలో దాదాపు సగం మెదడే వాడుకుంటుంది. రాత్రి నిద్రలో మెదడుకు కావలసిన చక్కెరను కాలేయం దాచిన నిల్వ నుండి ఇస్తుంది. పిల్లల కాలేయం చిన్నది, నిల్వ కూడా చిన్నదే. తెల్లవారేసరికి ఆ గాదె ఖాళీ అవుతుంది. గాదె ఖాళీ అయిన సమయానికే పలక పట్టుకుని కూడికలు చేయమంటారు.

బడిలో ముఖ్యమైన పాఠాలు సాగేదీ ఉదయమే. చదవడం, రాయడం, లెక్కలు సాధారణంగా మొదటి పీరియడ్లలో చెబుతారు. ఆటలు, బొమ్మలు వేయడం సాయంత్రానికి ఉంచుతారు. పస్తుతో వచ్చిన పిల్లవాడు అసలు పాఠమంతా ఆకలితో విని, అన్నం తిన్న తరువాత ఆటలకు సిద్ధమవుతున్నాడు. తలనొప్పి అంటాడు, కడుపులో నొప్పి అంటాడు, బల్ల మీద తల వాలుస్తాడు. పక్కవాడిని గిల్లుతాడు. అడిగిన ప్రశ్నకు తెల్లముఖం వేస్తాడు. అతనికి మొద్దు అని పేరు పడుతుంది. ఆ పేరు ఇంటిదాకా వెళుతుంది. చదువు అబ్బలేదని తండ్రి నాలుగేళ్లలో గొర్రెల వెంట పంపుతాడు. చదువు అబ్బకపోవడానికి కారణం బుర్ర కాదు, బువ్వ అన్న సంగతి ఎవరికీ తట్టదు.

పరీక్షించి చూసిన సంగతి

ఇది ఊహాగానం కాదు. వెస్టిండీస్ దీవులలో జమైకా అనే దేశం ఉన్నది. అక్కడి పల్లెటూళ్లలో 16 పాఠశాలల పిల్లలను తీసుకుని, సగం మందికి ఒక ఏడాదిపాటు బడిలో ఉదయపు ఆహారం పెట్టారు. మిగిలిన సగానికి నారింజపండులో పావు ముక్క మాత్రం ఇచ్చారు. ఆ పరిశీలన ఫలితాలు 1998లో అచ్చయ్యాయి. ఆహారం తిన్న పిల్లల ఎత్తు, బరువు రెండూ మెరుగైనాయి. బడికి హాజరు పెరిగింది. చిన్న తరగతుల పిల్లలు లెక్కలలో ముందుకు వచ్చారు. అయితే చదవడంలో, పదాలు రాయడంలో పెద్ద మార్పు కనిపించలేదు. దీనినిబట్టి రెండు విషయాలు తెలుస్తున్నవి. పొద్దుటి ముద్ద చిన్నపిల్లల చదువుకు ఊతమిస్తుంది. అయితే ముద్ద ఒక్కటే చదువు చెప్పదు, పాఠం చెప్పే ఉపాధ్యాయుడూ ఉండాలి. విత్తనం మంచిదైనంత మాత్రాన తడి లేని నేలలో మొలవదు. తడి ఉన్నంత మాత్రాన విత్తనం లేకుండా పంట రాదు.

పైగా ఈ ప్రాంతపు పిల్లలు బడి గడప తొక్కేసరికే బలహీనులై ఉంటున్నారు. 2019 నుండి 2021 వరకు జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లలలో నూటికి 63 మందికి రక్తహీనత ఉన్నది. రక్తం తక్కువైన బిడ్డకు ఉదయపు పస్తు కూడా తోడైతే, గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్లే.

ఎందుకు తినడం లేదు?

పిల్లవాడు తినకుండా బడికి వచ్చాడనగానే తల్లిని తప్పుపట్టడం అందరికీ అలవాటు. ఆ తల్లి పొద్దు ఎలా గడుస్తున్నదో చూసినవారు ఆ మాట అనరు. పత్తి తీసే రోజులలో, మిరప కోతల రోజులలో, వేరుసెనగ పెరికే రోజులలో కూలి ఆటో తెల్లవారకముందే ఊరి కట్ట దగ్గరకు వస్తుంది. ఆటో తప్పితే ఆ రోజు కూలి పోయినట్లే. నీళ్లు పట్టి, కసువు ఊడ్చి, గొడ్లకు మేత వేసి, తన సద్ది మూట కట్టుకుని ఆమె ఆటో ఎక్కే వేళకు పిల్లలు నిద్ర లేవరు. లేచిన పిల్లలకు ముఖం కడిగేవారు లేరు, పెట్టేవారు లేరు. పదేళ్ల అక్క ఆరేళ్ల తమ్ముణ్ణి తయారు చేస్తుంది. ఉన్నది ఒక ముద్దే అయితే తమ్ముడికి పెట్టి తాను తినకుండా బడికి వస్తుంది. ఇంటింటా జరిగే ఈ త్యాగాన్ని గొప్పగా చెప్పుకోవడం తగదు. ఆ అక్కా బడిపిల్లే, ఆమెకూ ఆకలి ఉన్నది.

రెండవ కారణం టీనీళ్లు. ఒక గ్లాసు టీ, రెండు బిస్కెట్లు ఇచ్చి అదే ఫలహారం అనుకునే ఇళ్లు పెరిగాయి. టీ ఆకలిని కాసేపు చంపుతుందే గాని ఒంటికి పట్టదు. తిన్న ఆహారంలోని ఇనుము రక్తంలో కలవకుండా అది అడ్డుపడుతుంది కూడా. రక్తహీనత ఉన్న పిల్లలకు పొద్దున్నే టీ పోయడం చేతులారా చేసే కీడు.

మూడవ కారణం అయిదు రూపాయల బిళ్ల. వండి పెట్టే తీరిక లేక, ఏడుపు మాన్పడానికి పిల్లవాని చేతిలో ఒక బిళ్ల పెడతారు. అది బడి దగ్గర బంకులో ఉప్పూకారం చల్లిన గాలిపొట్లంగా మారుతుంది. ఆ పొట్లంలో నూనె, ఉప్పు తప్ప బలం లేదు. అయితే నాలుకకు ఆ రుచి అలవాటైన పిల్లవాడు మధ్యాహ్నం బడిలో పెట్టే పప్పన్నాన్ని కూడా సగం వదిలేస్తాడు. పొద్దుటి పస్తు మధ్యాహ్నపు పస్తుకు కూడా దారి తీస్తున్నది.

నాలుగవ కారణం చెప్పుకోవడానికి సిగ్గుపడేది. రాత్రి మిగిలిన సంగటి తినడం పేదరికమని, ఇడ్లీ దోసె తింటేనే ఫలహారమని ఒక భ్రమ పల్లెలదాకా వచ్చింది. ఇడ్లీకి సమయం లేదు, సంగటికి మనసు లేదు. మధ్యన బిడ్డ కడుపు ఖాళీ. పగలంతా మడక దున్నిన పూర్వులను నిలబెట్టింది ఆ సంగటి, ఆ జొన్నరొట్టె, ఆ కొర్రబువ్వ, ఆ సద్దే. పట్నాలలో ఇప్పుడు డబ్బున్నవారు చిరుధాన్యాలని పేరు పెట్టి ఎక్కువ ధర ఇచ్చి కొంటున్నది వాటినే.

సుగ్గి కాలపు కష్టం

జిల్లా పడమటి ప్రాంతానికి ఇంకొక కష్టం ఉన్నది. వానలు ముఖం చాటేసిన ఏడు ఆదోని, ఆలూరు, మంత్రాలయం, పత్తికొండ వైపు పల్లెలు సుగ్గి బాట పడతాయి. ఇళ్లకు తాళాలు వేసి గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు, పత్తి తీతకు వెళతారు. కొందరు పిల్లలను వెంట తీసుకువెళతారు. ఆ పిల్లలకు బడీ లేదు, బడి అన్నమూ లేదు. కొందరు అవ్వ దగ్గర, తాత దగ్గర వదిలి వెళతారు. కళ్లు కనిపించని అవ్వ పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించగలదా? ఆ నాలుగు నెలలు పొద్దుటి పస్తులు ఈ పల్లెలలో రెట్టింపవుతాయనడంలో సందేహం లేదు.

వలస వెళ్లేవారి పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడిపిన అనుభవం ఈ జిల్లాకు ఉన్నది. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడు పూటలా తిండి దొరికే ఏర్పాటు అది. అయితే వలస మొదలైన తరువాత తీరికగా తెరిచే హాస్టలు వల్ల ప్రయోజనం తక్కువ. జనం బస్సు ఎక్కిన తరువాత తలుపులు తీస్తే లోపలికి వచ్చేదెవరు? ఏ ఊరు ఎప్పుడు కదులుతుందో గ్రామ సచివాలయానికి, పంచాయతీకి ముందే తెలుస్తుంది. ఖరీఫ్ పంట ఎండిపోతున్నదని తెలిసిన నాడే ఆ ఊళ్లో పిల్లల పేర్లు రాసుకుని హాస్టలు సిద్ధం చేయడం అధికారుల విధి.

హక్కుగా వచ్చిన అన్నం

మధ్యాహ్న భోజనం ఎవరో దయతలచి పెట్టినది కాదన్న సంగతి ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 1995 ఆగస్టు 15న ప్రాథమిక పాఠశాలల పిల్లలకు పోషకాహార పథకం ప్రారంభించింది. అయినా చాలా రాష్ట్రాలలో వండిన అన్నానికి బదులు బియ్యం కొలిచి ఇచ్చి చేతులు దులుపుకున్నారు. పౌరహక్కుల సంస్థ ఒకటి సుప్రీంకోర్టు తలుపు తట్టింది. 2001 నవంబరు 28న కోర్టు తీర్పు చెబుతూ, ప్రభుత్వ పాఠశాలల్లోను, ఎయిడెడ్ పాఠశాలల్లోను ప్రాథమిక తరగతుల పిల్లలకు వండిన భోజనమే పెట్టాలని, ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో బడులలో పొయ్యిలు వెలిగాయి.

2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ఈ అన్నాన్ని హక్కుగా మార్చింది. ప్రాథమిక తరగతుల పిల్లవానికి రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు వండి పెట్టాలన్నది లెక్క. 450 కాలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. వడ్డించే ముందు ఒక ఉపాధ్యాయుడు రుచి చూడాలి. 2015లో వచ్చిన నిబంధనల ప్రకారం ఏ కారణం చేతనైనా ఒక రోజు అన్నం పెట్టకపోతే పిల్లలకు ఆహార భద్రతా భత్యం ఇవ్వాలి. ఈ లెక్కలు బడి గోడ మీద రాసి ఉంటే చాలదు. గోడ మీద రాసినది కంచంలోకి వచ్చిందా అని చూసే కళ్లు ఊరికి ఉండాలి.

ఇంత చట్టం ఉండి కూడా అందులో ఉదయపు మాట లేదు. 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం ఆ లోటును ఒప్పుకున్నది. మధ్యాహ్న భోజనంతోపాటు ఉదయం బలవర్ధకమైన ఫలహారం కూడా పెట్టాలని, అలా పెడితే కష్టమైన పాఠాలు ఉదయం వేళ బాగా తలకెక్కుతాయని సూచించింది. వేడిగా వండి పెట్టలేని చోట వేరుసెనగలో, సెనగలో బెల్లంతో కలిపి ఇచ్చినా మేలేనని చెప్పింది. మరుసటి ఏడాది, 2021 సెప్టెంబరులో, మధ్యాహ్న భోజనాన్ని పీఎం పోషణ్ అనే కొత్త పేరుతో ఆమోదించినప్పుడు ఆ ఫలహారానికి చోటు దొరకలేదు. కాగితం మీద సలహా, ఖజానా దగ్గర మౌనం. ఇది శోచనీయం.

పొరుగువారు చేసి చూపినది

డబ్బు లేదన్న మాటకు పొరుగున ఉన్న తమిళనాడు సమాధానం చెప్పింది. 2022 సెప్టెంబరు 15న మదురైలో అక్కడి ప్రభుత్వం ఒకటి నుండి అయిదవ తరగతి వరకు పిల్లలకు ఉదయపు ఫలహారం మొదలుపెట్టింది. మొదటి విడతలో 1,545 పాఠశాలలు. 2023 ఆగస్టు 25న దానిని రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటికీ విస్తరించింది. 31 వేలకు పైగా బడులలో 15 లక్షలకు పైగా పిల్లలు పాఠం మొదలు కాకముందే ఉప్మానో, కిచిడీయో, పొంగలో తిని తరగతిలో కూర్చునే ఏర్పాటు జరిగింది. వండే పని స్వయం సహాయక సంఘాల స్త్రీలకు అప్పగించారు. అదే బడిలో తమ పిల్లలు చదువుకుంటున్న తల్లులకు అందులో ముందు చోటు ఇచ్చారు. తన బిడ్డ తినే గిన్నెలో రాయి ఉంచే తల్లి ఉండదు. తెలంగాణలో కూడా 2023 అక్టోబరు 6న ఇటువంటి ఫలహార పథకానికి శ్రీకారం చుట్టారు. అయితే శ్రీకారం చుట్టడం వేరు, ప్రతి పల్లెకూ ప్రతి ఉదయం ఫలహారం చేరడం వేరు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక అడుగు పడింది. 2023 మార్చి 21న ప్రభుత్వ పాఠశాలల్లో వారానికి మూడు రోజులు బెల్లం కలిపిన రాగిజావ పోయడం ప్రారంభించారు. ఇది మంచి పద్ధతి. రాయలసీమ బిడ్డకు రాగి కొత్త కాదు. 100 గ్రాముల రాగులలో ఎముకలకు బలమిచ్చే సున్నం 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. బియ్యంలో అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా భోజన పథకం పేరు మారుతున్నది. 2024లో దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకలలో వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా అన్నం పెట్టిన తల్లి ఆమె. ఆమె పేరు పెట్టుకున్న పథకం ఆమె బాట కూడా పట్టాలి. ఆకలిగొన్నవారిని మధ్యాహ్నం దాకా ఆగమని ఆమె చెప్పి ఉండదు.

వారానికి మూడు రోజులతో మొదలైన జావ ఆరు రోజులకూ విస్తరించాలి. ఆకలికి సోమవారం, మంగళవారం అన్న భేదం లేదు. రెండవది, ఆ జావ ప్రార్థనకు ముందే గ్లాసులలోకి రావాలి. పది గంటలు దాటిన తరువాత పోసే జావ పొద్దుటి పస్తును ఆపదు, మధ్యాహ్నపు అన్నం మీద ఆకలిని మాత్రం చంపుతుంది. మూడవది, జావతోపాటు నమలడానికి గుప్పెడు ఉడికించిన సెనగలో, వేరుసెనగ గింజలో ఉంటే అప్పుడది ఆహారమవుతుంది. వేరుసెనగ పండే జిల్లాలో బడిపిల్లవానికి గుప్పెడు గింజలు దొరకకపోవడం కంటె విడ్డూరం మరొకటి లేదు.

వంటమనిషిని మరిచిపోరాదు

ఈ పని చేయవలసినది బడి వంటమనిషి. ఆమెను గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆమె గౌరవ వేతనం 2019లో గాని నెలకు 3,000 రూపాయలకు చేరలేదు. అంతకుముందు 1,000 రూపాయలే. సరుకుల బిల్లులు నెలల తరబడి రాకపోతే ఆమె కిరాణా అంగడిలో అప్పు పెట్టి పప్పు తెస్తుంది. ఉదయం 8 గంటలకే వచ్చి పొయ్యి వెలిగించమని ఆమెకు చెప్పే ముందు, ఆ అదనపు పనికి అదనపు కూలి ఎంతో చెప్పాలి. కట్టెలు, గ్యాసు ఖర్చు ఎవరిదో చెప్పాలి. వెట్టిచాకిరీ మీద నిలబెట్టిన ఏ పథకమూ ఎక్కువ కాలం నిలవదు. ఆమె చేతికి డబ్బు సకాలంలో అందితే పిల్లల కంచంలోకి పప్పు చిక్కగా వస్తుంది. అందకపోతే పప్పు నీళ్లవుతుంది. ఇది తెలియని అధికారి ఉండడు.

ఇంటి పని ఇంటిదే

ప్రభుత్వం చేయవలసినది ప్రభుత్వం చేయాలి. అంతవరకు బిడ్డ పస్తుండాలా? బడిలో ఫలహారం వచ్చేదాకా ఇంట్లో చేయదగినవి ఉన్నాయి. ఖర్చు లేనివి, తెల్లవారి పొయ్యి వెలిగించే అవసరం లేనివి కూడా ఉన్నాయి.

రాత్రి వండేటప్పుడు పిల్లల పేర ఒక ముద్ద సంగటి, ఒక రొట్టె ఎక్కువ చేయాలి. అన్నమైతే శుభ్రమైన గిన్నెలో నీళ్లు పోసి, మూత పెట్టి, చల్లని చోట ఉంచితే తెల్లవారికి సద్ది అవుతుంది. అందులో మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్క చాలు. ఎండాకాలం వాసన మారినది మాత్రం పెట్టరాదు. రొట్టెకు వేరుసెనగ చట్నీయో, వెల్లుల్లి కారమో తోడుంటుంది. ఆదివారం వేరుసెనగ గింజలు వేయించి బెల్లం కలిపి డబ్బాలో పోసి ఉంచితే వారమంతా వస్తుంది. గింజలలో నూటికి 23 పాళ్లకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. రోజూ అయిదు రూపాయల చొప్పున గాలిపొట్లాలకు పోసే డబ్బు ఆరు రోజులకు 30 రూపాయలు. ఆ డబ్బు గింజలకు, బెల్లానికి మళ్లిస్తే సరిపోతుంది. నానబెట్టిన బొరుగులకు పోపు పెడితే ఉగ్గాని. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఇంట్లో ఉన్న తండ్రి చేస్తే పరువు పోదు. గొడ్డుకు మేత వేయకుండా గడప దాటని రైతు, బిడ్డ తిన్నాడో లేదో చూడకుండా రచ్చకట్ట మీదికి వెళ్లడం భావ్యం కాదు.

మరొక జాగ్రత్త, రాత్రి భోజనం, నిద్ర. టీవీ ముందు, సెల్‌ఫోను ముందు అర్ధరాత్రిదాకా కూర్చున్న పిల్లవాడు ఆలస్యంగా తిని, ఆలస్యంగా లేచి, ఆకలి పుట్టకముందే బడికి పరుగెత్తుతాడు. పెట్టినా తినడు. పెందలాడే పడుకుని పెందలాడే లేచిన బిడ్డకు ఆకలి దానంతట అదే వేస్తుంది.

ఉపాధ్యాయులకు, ఊరిపెద్దలకు

ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చు. హాజరు పిలిచే ముందు తరగతిలో ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు అన్నది తెలుసుకోవాలి. నలుగురిలో నిలబెట్టి అడగరాదు. తినలేదని ఒప్పుకోవడానికి పేదపిల్లవాడు సిగ్గుపడతాడు, తిన్నానని అబద్ధం చెబుతాడు. చేరదీసి, చెవిలో అడిగితే చెబుతాడు. ఒక నెలరోజులు ఈ లెక్క ఒక పుస్తకంలో రాస్తే, ఆ ఊళ్లో పొద్దుటి పస్తు ఎంత ఉన్నదో చేతికి వస్తుంది. తలిదండ్రుల కమిటీ సమావేశంలో ఆ పుస్తకం తెరిస్తే వాదనలకు తావుండదు. మండల విద్యాధికారి ముందు పెడితే కాదనలేడు. లెక్క లేని ఆకలికి ఏ ప్రభుత్వమూ బడ్జెట్టు ఇవ్వదు. పాఠం రాని పిల్లవాని మీద బెత్తం ఎత్తే అలవాటు ఇంకా ఎక్కడైనా ఉంటే, ఎత్తే ముందు తిన్నావా అని ఒక్క మాట అడగడం ధర్మం.

ఊరికి కూడా బాధ్యత ఉన్నది. పెళ్లిరోజుకో, పుట్టినరోజుకో, పెద్దల ఆబ్దికానికో బడిపిల్లలకు విందు పెట్టే తిథి భోజనం పద్ధతిని పీఎం పోషణ్ పథకం ప్రోత్సహిస్తున్నది. ఆ ఒక్క రోజు విందు మంచిదే. అంతకంటే మంచిది, ఆ డబ్బుతో బడికి ఒక బస్తా రాగులో, వేరుసెనగ గింజలో, బెల్లపు దిమ్మెలో ఇవ్వడం. జాతర నాడు, ఉరుసు నాడు డప్పులకు, డీజేలకు, టపాకాయలకు ఊరు పోగుచేసే చందాలో పదో వంతు బడి డబ్బాలోకి వెళితే, సుగ్గి కాలమంతా అవ్వల దగ్గర మిగిలిన పిల్లలకు పొద్దుటి జావ పోయవచ్చు. పంట ఇంటికి చేరినప్పుడు దేవుడి మాన్యానికి కొలిచే అలవాటు ఉన్న పల్లెలు ఇవి. బడిపిల్లల పేర ఒక శేరు కొలవడం వారికి భారం కాదు.

అన్నం పెట్టడం తల్లిదండ్రుల బాధ్యత, ప్రభుత్వానికీ ఊరికీ ఏం పని అని వాదించేవారు ఉంటారు. ఇది కడుపు నిండిన మాట. చీకటితో కూలికి వెళ్లి చీకటితో తిరిగి వచ్చే తల్లి బాధ్యత మరిచింది అనడానికి ఎవరికీ నోరు రాకూడదు. ఆమె తెంపిన మిరపకాయ దేశమంతా తింటున్నది. ఆమె తీసిన పత్తి దేశమంతా కడుతున్నది. ఆమె కూలికి వెళ్లిన వేళ ఆమె బిడ్డకు గ్లాసెడు జావ పోయడం భిక్ష కాదు, బాకీ.

జిల్లాలో అక్షరాస్యత వెనుకబడి ఉన్నదని, పదవ తరగతి ఫలితాలు దిగజారినాయని ఏటేటా సమీక్షలు జరుగుతూనే ఉంటాయి. ప్రధానోపాధ్యాయులను సంజాయిషీలు అడుగుతూనే ఉంటారు. ఆ ఫలితాల విత్తనం పదేళ్ల ముందు ఒకటవ తరగతిలో, ఉదయం 9 గంటలకు, ఖాళీ కడుపు మీద పడుతున్నదని గ్రహించినవారు తక్కువ. కలెక్టరు మొదలు వార్డు సభ్యుని దాకా, ఎవరు ఏ ప్రాథమిక పాఠశాలకు వెళ్లినా నోటు పుస్తకాలు, గోడల రంగులు చూసే ముందు పిల్లలను ఒక ప్రశ్న అడగాలి: పొద్దున ఏం తిన్నారు? ఆ ప్రశ్నకు ప్రతి నోటి నుండీ జవాబు వచ్చే రోజు దాకా ఈ జిల్లాలో ఎవరూ నిశ్చింతగా ఉండడానికి వీలు లేదు.